శిఖరం ఎక్కేవారు రాత్రి పడకను లెక్కపెట్టాలి

సంపాదకులకు,

ఎత్తయిన శిఖరాల నడక మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు బూట్లు, బ్యాగుల దగ్గరే ఆగిపోతున్నాయి. అసలు ముప్పు గాలితో. 5,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగమే. ఆక్సిజన్ శాతం మారదు, అదే 21. ఒక్కో శ్వాసకు అందేదే తగ్గుతుంది.

3,000 మీటర్లు దాటాక చూడాల్సింది పగలు ఎంత ఎక్కామని కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నామని. పడక ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే శిబిరంలో ఇంకో రాత్రి ఉండాలి. సెలవులు చాలవంటూ చాలామంది కోసేసేది సరిగ్గా ఆ రాత్రినే!

తలనొప్పికి వాంతులో, నీరసమో తోడైతే ఎక్కడం ఆపాలి. మనిషి తూలుతుంటే ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ తిన్నగా నడవమనండి. నడవలేకపోతే మెదడు వాస్తోందని అనుమానించి, చీకటైనా సరే, తోడు ఇచ్చి దింపేయాలి. లక్షణాలు తగ్గేదాకా దిగాలి. మామూలుగా 300 నుంచి 1,000 మీటర్లు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో, అప్పుడూ దిగాల్సిందే.

ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బును అడ్డుకునే మందు ఎసిటజోలమైడ్. అది వైద్యుడు చెబితేనే వాడాలి. నివారణకు సాధారణ మోతాదు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. మద్యం, నిద్రమాత్రలు వద్దు, శ్వాసను మందగింపజేస్తాయి.

శిఖరం రోజున వెనుదిరిగే వేళ ముందే అనుకోవాలి. హెడ్‌ల్యాంప్ అదనపు బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేలా ఉంచుకోవాలి. చలికి త్వరగా దిగిపోతాయి.

– ఒక పాఠకుడు