చిన్నాకి, అమ్మ రాసేది

చిన్నా,

ఎలా ఉన్నావు? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్నగారికి మోకాలి నొప్పి తగ్గలేదు, వద్దన్నా మేడ మీద కుండీలకి బకెట్లతో నీళ్ళు మోస్తున్నారు. నువ్వు ఫోన్ చేసి పంతొమ్మిది రోజులైంది. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పెడుతున్నావు, దాన్ని చూసి తిన్నావో లేదో నాకెలా తెలుస్తుంది? సరే, అది అడగడానికి కాదు ఈ ఉత్తరం.

పూజగది సర్దుతుంటే కుంకుమ భరిణె వెనక ఆ పది యెన్ల బిళ్ళ దొరికింది. జపాన్‌లో మనం ఉజి ఊరు వెళ్ళిన రోజంతా కళ్ళ ముందుకొచ్చింది. చుషోజిమాలో రైలు మారాం, నేను ఒక్క స్వెట్టరే వేసుకున్నానని నువ్వు నీ కోటిచ్చి చలికి వణికావు. రైలు దిగగానే నది. బ్యారేజీ దగ్గర నిలిచిపోయిన కృష్ణని చూసిన కళ్ళకి ఆ ఉరవడి చూస్తే గుండె ఝల్లుమంది. వంతెన దాటితే వీధంతా వేయించిన టీ ఆకు వాసన. బ్యోదోయిన్ గుడిలో చెరువు ఒడ్డున నిలబెట్టి, బిళ్ళ నా కళ్ళ ముందు పెట్టి, "ఇది చూసి అది చూడమ్మా" అన్నావు. అవతల రెక్కలు చాచినట్టు ఆ ఎర్ర మండపం, కప్పు మీద రెండు పక్షులు. బిళ్ళ మీదా అదే.

లోపలికి కొద్దికొద్దిమందినే పంపుతారు కదా, గంటసేపు ఆగాం. జోచో అనే శిల్పి చెక్క ముక్కలు కూర్చి ఆ అమిద బుద్ధుణ్ణి చేశాడని నువ్వు చెవిలో చెబుతుంటే నేను గోడల వైపు చూస్తున్నాను. మబ్బులెక్కిన బోధిసత్వులు, ఒకరు డప్పు కొడుతుంటే ఒకరు నాట్యం చేస్తున్నారు. బయటికి రాగానే నీకు ఫోనొచ్చింది. నేను చెరువు ఇవతలికి వచ్చి చూస్తే తలుపు జాలీలోని గుండ్రటి సందులోంచి ఆ స్వామి ముఖం ఒక్కటే కనబడుతోంది, ఎంత ప్రశాంతంగా ఉందో! నువ్వేమో నీళ్ళ వైపు తిరిగి, తలొంచుకుని, బూటు కొనతో ఒకే గులకరాయిని అటూ ఇటూ దొర్లిస్తూ "హై, హై" అని వాళ్ళ భాషలో అవునవునంటున్నావు. ఎవరని అడిగితే "ఆఫీసమ్మా" అన్నావు. తర్వాత ఐస్‌క్రీం కరిగి మణికట్టు దాకా కారినా చూసుకోలేదు. నేనే కొంగుతో తుడిచాను.

మొన్న శేషు మామయ్య సీమంతానికి పిలవడానికి వచ్చి, "చిన్నా ఉద్యోగం మానేశాట్ట కదా అక్కా" అన్నాడు. నాకు తెలియదని చెప్పలేక, కాఫీ కలుపుతానని లోపలికి వెళ్ళిపోయాను.

మానేస్తే మానేశావు నాన్నా. నీ రెండో ఏట మిల్లు మూసేస్తే నాన్నగారు ఎనిమిది నెలలు ఇంట్లో ఉన్నారు, వెంకాయమ్మత్తయ్య ఇచ్చిన బియ్యంతో గడిపాం. ఆ సంగతి ఎవరికీ దాచలేదు. ఆ గుడి గురించి నువ్వే చెప్పావుగా, ధర్మం నశించే కాలం వచ్చేసిందని జనం హడలిపోతున్న 1052లో యోరిమిచి అనే రాజప్రతినిధి తన విలాస గృహాన్ని గుడి చేశాడని, మరుసటేడు ఆ మండపం లేచిందని. 1336 యుద్ధంలో చుట్టూ ఉన్నవి చాలావరకు కాలిపోయినా అది నిలిచింది. మన అమరావతి స్తూపం చోట దిబ్బ మిగిలింది, శిల్పాలు చెన్నైకీ లండన్‌కీ పోయాయి. అక్కడ మాత్రం వెయ్యేళ్ళ చెక్క అలాగే ఉంది.

లెక్చర్ ఇవ్వకూడదనే కూర్చున్నాను. కానీ వీసా గడువు చూసుకో, ఉన్న డబ్బు లెక్క రాసుకో, రాత్రి రెండింటి దాకా మేలుకోకు, కప్పు నూడుల్స్‌తో రోజు గడిపేయకు. టికెట్ డబ్బులు కావాలంటే నాన్నగారికి చెప్పకుండా నాకు చెప్పు.

కందిపొడి, కాకరకాయ కారం పార్సిల్ కడుతున్నాను. మందపాటి సాక్సులు కూడా పెట్టాను. పాత అడ్రసుకే పంపమంటావా? అదొక్కటైనా చెప్పు.

అమ్మ