నీళ్ల గొట్టం కూడా పలుకుతుంది

సంపాదకులకు నమస్కారం.

ఎలక్ట్రానిక్ సంగీతమంటే మీట నొక్కితే వచ్చేదేనని, అందులో మనిషి చేతిపని ఏమీ ఉండదని గత ఆదివారం ఒక పాఠకుడు రాశారు. నేను ఒప్పుకోను. అమెరికా సంగీతకారుడు రాబర్ట్ రిచ్‌ను పదకొండేళ్లుగా వింటున్నాను. తెనాలిలో పైపుల దుకాణం నడిపే నాకు ఆయన మీద గురి కుదిరింది పైపు వల్లే. చుక్కల మధ్య తేలుతున్నట్టుండే ఆ నాదాల్లో ఒక వేణువు వినిపిస్తుంది. అది వెదురు కాదు, పీవీసీ గొట్టం. ఆయన సొంతంగా చేసుకున్నదే. 1976లో, పదమూడేళ్ల వయసులోనే సింథసైజర్ (విద్యుత్తుతో స్వరాలు పుట్టించే వాద్యం) తయారుచేసుకోవడం మొదలుపెట్టిన మనిషి మరి.

ఈ సంగతి తెలిసిన రాత్రి దుకాణం కట్టేశాక ముప్పావు అంగుళం పైపు ముక్క ఒకటి కోశాను. ఒక కొసకు మూత బిగించి, డ్రిల్లుతో ఊదే రంధ్రం వేశాను. గంటసేపు గాలి తప్ప ఏమీ రాలేదు. రంధ్రం అంచును ఆకురాయితో కాస్త వాలుగా అరగదీశాక, ఉన్నట్టుండి పలికింది! రెండో వేలి రంధ్రం పెద్దదై స్వరం పైకి పోతే, అంచుకు ఎం-సీల్ (లీకులు పూడ్చే ముద్ద) మెత్తి కిందికి దించుకున్నాను. ముప్ఫై ఏళ్లుగా పైపులు కోస్తున్న చేతికి వెంట్రుకవాసి తేడా విలువ ఆ రాత్రే తెలిసింది.

1982లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆయన నిద్ర కచేరీలు మొదలుపెట్టారు. శ్రోతలు తమ పక్కబట్టలు తామే తెచ్చుకుని పడుకుంటారు. దాదాపు తొమ్మిది గంటలు ఆయన మేలుకుని సన్నగా నాదం వినిపిస్తారు. తెల్లవారాక పియానో వాయించి, టీ ఇస్తారు. ఏకాంతసేవలో దేవుణ్ణే పాడి నిద్రపుచ్చే మనకు ఇది అర్థం కాకపోదు. 2001లో వచ్చిన ఆయన ఏడు గంటల ఆల్బమ్ ‘సోమ్నియం’ ఆ కచేరీల నుంచి పుట్టిందే. మోకాలి ఆపరేషన్ తర్వాత మా ఆవిడకు నిద్ర పట్టని రాత్రుల్లో అదే పెట్టాను. ‘ఇందులో పాట ఏదండీ?’ అని మొదటి రోజు అడిగింది. నాలుగో రోజు తనే పెట్టమంది.

మీ పత్రికలో సినిమా పాటలకు పేజీలు ఉన్నాయి. చేత్తో చేసుకునే వాద్యాల గురించి కూడా, పిల్లలకు అర్థమయ్యేలా బొమ్మలతో, నెలకొక వ్యాసం వేయండి. మా దుకాణంలో మూరెడు ముక్కలు రోజూ మిగులుతాయి. అడిగిన బడికల్లా ఉచితంగా ఇస్తాను, రంధ్రాల కొలతలు కూడా కాగితం మీద రాసి ఇస్తాను.

– ఒక పైపుల వ్యాపారి, తెనాలి