మెడ అప్పగించే ముందు

ప్రియమైన భాస్కరానికి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. నువ్వు అడిగిన దానికి సరైన సమాధానం చేతిలో లేకుండా ఏవో రెండు ముక్కలు గీకి పంపడం ఇష్టం లేక ఆగాను. ఇక్కడ అందరూ కులాసాగా ఉన్నారు. అమ్మ మోకాలు కాస్త నయం, చిన్నవాడి పరీక్షలు అయిపోయాయి, ఇల్లు మారే సంగతి ఇంకా ఎటూ తేలలేదు. మిగతా కబుర్లు ఇంకోసారి రాస్తాను. నిన్న న్యూరాలజిస్టు, అంటే నరాల డాక్టరు, గదిలోంచి బయటికి వచ్చినప్పటి నుంచి ఈ సంగతంతా నీకు ఎప్పుడు చెబుతానా అని ఒకటే తొందరగా ఉంది.

మైగ్రేన్‌కు కైరోప్రాక్టర్ దగ్గరికి, అంటే వెన్నుపూసలను చేత్తో సవరించే ఆయన దగ్గరికి, వెళ్ళనా వద్దా అని కదా నువ్వు అడిగావు. నీ ఉత్తరం అందేనాటికి నేను కూడా సరిగ్గా ఆ ఆలోచనలోనే ఉన్నాను. అధ్యక్షుల వారు, అదే మనం ఆ పేరుతో పిలుచుకునే మైగ్రేన్, ఈ మధ్య మరీ తరచుగా విచ్చేస్తున్నారు. దీపాలార్పి, తలుపులు మూసి, వారు సెలవు తీసుకునే దాకా ఇల్లంతా మునివేళ్ళ మీద నడవవలసి రావడం నాకంటే ఇంట్లోవాళ్ళకే ఎక్కువ కష్టంగా ఉంది. పైగా నొప్పి మొదలయ్యే ముందు నాకు మెడ పట్టేస్తుంది, నీకు కూడా అంతే. అందుకే అసలు గొడవంతా మెడలోనే ఉందేమో, దాన్ని సరిచేస్తే తల దానంతటదే కుదుటపడుతుందేమో అన్న ఆశ మనిద్దరికీ సహజంగానే కలిగింది. నాతో పనిచేసే ఒకాయన తన తలనొప్పి అలాగే పోయిందని గట్టిగా చెప్పడంతో, వివరాలు కనుక్కుందామని వెళ్ళాను.

అక్కడ జరిగింది నీకు పూర్తిగా చెప్పాలి. ఆ కైరోప్రాక్టర్ మర్యాదస్తుడు, ఓపికగా వినే మనిషి, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. బల్ల మీద బోర్లా పడుకోమన్నారు. ముఖం ఆనించే చోట బల్లకు కంత ఉంటుంది, దాని మీద పల్చని కాగితం పరుస్తారు. నేను ఊపిరి వదిలినప్పుడల్లా ఆ కాగితం పెదవులకు తగిలి చెమ్మగిల్లుతూ ఉంది. ఆయన బొటనవేలు పుర్రె అడుగున, మెడ మొదలయ్యే గుంటలో కుడివైపుగా ఆనించి మెల్లగా నొక్కారు. భాస్కరం, ఆ క్షణంలో నాకు కుడి కంటి వెనక నొప్పి వచ్చింది! అచ్చంగా అధ్యక్షుల వారు కూర్చునే చోటే. వేలు తీయగానే అది తగ్గింది. "చూశారా, మూలం ఇక్కడే ఉంది, మొదటి మెడపూస కొంచెం పక్కకు జరిగింది" అన్నారాయన. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. ఇన్నేళ్ళుగా ఎవరికీ దొరకనిది ఈయనకు ఒక్క వేలితో దొరికిందని నమ్మాను.

మెడను ఒక పక్కకు తిప్పి, చివర్లో ఒక్కసారిగా చిన్న విసురు ఇస్తామనీ, టప్పుమని చప్పుడు వస్తుందనీ, దానితో పూస తన చోటికి వస్తుందనీ వివరించారు. తర్వాత సంతకం చేయమని సమ్మతి పత్రం ఇచ్చారు. అందులో ఒక వాక్యం ఉంది: అరుదుగా మెడలోని రక్తనాళాలకు హాని కలగవచ్చు, పక్షవాతం రావచ్చు. అది చదివి నేను రెండు ప్రశ్నలు వేశాను. మెడ విసరకుండా చికిత్స చేయగలరా అన్నది మొదటిది. మర్దన, వ్యాయామాలు చేయించగలను గాని అసలు చికిత్స మెడ సవరింపే అన్నారు. ఎన్నాళ్ళు చూసి గుణం కనిపించకపోతే ఆపేస్తాము అన్నది రెండోది. దానికి సూటిగా జవాబు రాలేదు. వెన్ను ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ ఉండాలి అన్నారు. ఆగవలసిన చోటు ముందే చెప్పని చికిత్సకు సంతకం పెట్టడానికి నాకు చేయి రాలేదు. ఆలోచించి వస్తానని చెప్పి, పత్రం ప్రతి ఒకటి అడిగి తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత రాత్రుళ్ళు కూర్చుని చదివాను. ఈ విద్య 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయనతో మొదలైంది. హార్వీ లిల్లార్డ్ అనే వ్యక్తి వెన్నుపూసను సవరిస్తే అతనికి తగ్గిపోయిన వినికిడి తిరిగి వచ్చిందని పామర్ చెప్పుకున్నాడు. పూసలు జరగడమే నానా రోగాలకూ మూలమన్న సిద్ధాంతం అక్కడి నుంచే పుట్టింది. ఈనాడు ఈ వృత్తిలో ఉన్న అందరూ ఆ మాటను అలాగే పట్టుకుని లేరు. నడుము నొప్పికి ఈ చికిత్స మిగతా పద్ధతులకు దీటుగానే పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది కూడా. టప్పుమనే చప్పుడు మాత్రం పూస తన చోటికి వచ్చినందువల్ల కాదు. కీలులోని ద్రవంలో ఒత్తిడి హఠాత్తుగా తగ్గి వాయువుతో కూడిన ఖాళీ ఏర్పడితే వచ్చే చప్పుడది, మనం మెటికలు విరిచినప్పుడు వచ్చేది కూడా అదే.

ఇక కంటి వెనక వచ్చిన నొప్పి సంగతి. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది అదే కాబట్టి నిన్న న్యూరాలజిస్టును మొట్టమొదట దాని గురించే అడిగాను. ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ముఖానికీ కంటికీ స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నాడి, మెడ పైభాగం నుంచి వచ్చే మొదటి మూడు వెన్నునాడులు, రెండూ మెదడు కాండం అడుగున ఒకే నాడీకణాల గుంపు దగ్గరికి చేరతాయట. రెండు వీధుల ఉత్తరాలు ఒకే సంచిలో పడితే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనట్టు, మెడలో నొక్కితే కంటి వెనక నొప్పిగా మెదడుకు తోచవచ్చు. అలాగే మైగ్రేన్ మెదడులో మొదలైనప్పుడు మెడ పట్టేసినట్టు కూడా అనిపించవచ్చు. అంటే భాస్కరం, మనం తలనొప్పికి కారణమనుకున్న మెడనొప్పి చాలామందిలో ఆ నొప్పిలో ఒక భాగమే! ఇది విన్నప్పుడు మొదట నిరాశ కలిగింది, తర్వాత ఎంతో తేలికగా అనిపించింది. ఆయన వేలికి తగిలినది నిజమైన నొప్పే, దానికి పూస జరిగి ఉండనక్కరలేదు.

మరి నాతో పనిచేసే ఆయనకు తగ్గింది కదా అంటావు. పక్కన పెట్టి పోల్చి చూడనిదే ఏదీ ఒప్పుకోని మన గడియారం మాస్టారు ఉంటే ఏమనేవారో నీకు తెలుసు: "అది సరే, రెండోది చూపించు." ఆ రెండోదాన్ని నార్వేలో చూపించారు. 2017లో వెలువడిన ఆ పరీక్షలో 104 మంది మైగ్రేన్ రోగులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నిజమైన చికిత్స చేశారు. రెండో గుంపుకు వెన్నును తాకకుండా భుజం దగ్గరా పిరుదుల దగ్గరా నొక్కి, చికిత్స చేసినట్టే అనిపించేలా చేశారు. మూడో గుంపు వాళ్ళు ఎప్పుడూ వాడే మందులే వాడుకున్నారు. మూడు నెలలు తిరిగేసరికి మూడు గుంపుల్లోనూ నొప్పి రోజులు తగ్గాయి. తర్వాతి నెలల్లో మందుల గుంపు మళ్ళీ పాత స్థితికి వచ్చింది గాని, నిజం చికిత్సకూ ఉత్తుత్తి చికిత్సకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేకపోయింది. చేయి పడిందన్న నమ్మకం, ఒకరు శ్రద్ధగా చూస్తున్నారన్న ఊరట పనిచేశాయని దాని అర్థం. 2019లో ఆరు పరీక్షలను కలిపి చూసినవాళ్ళకు నొప్పి రోజుల్లో కొద్దిపాటి తగ్గుదల కనిపించింది, అయితే ఆ పరీక్షలు చిన్నవి. అసలు మనం అక్కడికి వెళ్ళేదే నొప్పి మరీ ముదిరినప్పుడు. ఆ తర్వాతి నెల ఏం చేసినా చేయకపోయినా కొంత తగ్గే వీలుంటుంది. ఎవరికైనా తగ్గిందంటే నేను కాదనను, సంతోషిస్తాను.

నిన్ను భయపెట్టాలని కాదు గాని ఇది మాత్రం నిదానంగా చదువు. వెన్నుపూస ధమనులనే రెండు రక్తనాళాలు మెడపూసల పక్కనున్న రంధ్రాల గుండా పైకి పాకి, మొదటి పూస మీద మెలిక తిరిగి పుర్రెలోకి వెళతాయి. మెడను గట్టిగా తిప్పినప్పుడు సాగేది ఆ మెలిక దగ్గరే. ధమని లోపలి పొర చీలి, అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. మెడ ధమని చీలడం మొత్తం మీద ఏడాదికి లక్ష మందిలో ఇద్దరు ముగ్గురికి మాత్రమే కనిపిస్తుంది, కాని నడివయసు దాటనివాళ్ళలో వచ్చే పక్షవాతానికి అది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ చీలికకూ మెడ సవరింపుకూ సంబంధం కనిపిస్తున్నదనీ, ఒకటి రెండోదానికి కారణమని రుజువు కాలేదనీ, ఏమైనా రోగికి ముందే చెప్పాలనీ ప్రకటించింది. చీలిక అప్పటికే మొదలై, ఆ నొప్పితోనే కొందరు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళుతుండవచ్చు. నన్ను ఆపింది మరొక సంగతి: మైగ్రేన్ ఉన్నవాళ్ళలో ఈ చీలిక మిగతావాళ్ళలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ప్రమాదం ఎంత చిన్నదైనా, ఉత్తుత్తి చికిత్సను మించి మేలు చేస్తుందని తేలని పని కోసం దాన్ని నెత్తిన వేసుకోవడం నాకు ఇష్టం లేదు.

అందుకే నీకు నా జవాబు ఇది: మెడ విసిరే చికిత్స వద్దు. భుజాలకు మర్దన చేయించుకుంటానన్నా, ఫిజియోథెరపిస్టు దగ్గర మెడ వ్యాయామాలు నేర్చుకుంటానన్నా నేను అడ్డు చెప్పను. మెడ కదిపితే మొదలయ్యే, మెడ సరిగా తిరగనివ్వని తలనొప్పి వేరే ఉందట, దానికి ఇవి పనికొస్తాయి. కాని ఎప్పుడైనా మెడలో ఒక పక్కన నీకు మునుపెన్నడూ తెలియని నొప్పి వచ్చినా, తల ఉన్నట్టుండి పగిలిపోతున్నట్టు అనిపించినా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, నడక తూలినా, అది అధ్యక్షుల వారేనని సరిపెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళు. నాకు ఆ తర్వాత చెబుదువుగాని.

నువ్వు ముందు న్యూరాలజిస్టును చూడాలి. నిన్న ఆవిడ నన్ను అడిగినవన్నీ నిన్నూ అడుగుతారు: నొప్పి 4 గంటల నుంచి 72 గంటల లోపు ఉంటుందా, ఒక పక్కనే వస్తుందా, మెట్లెక్కితే పెరుగుతుందా, వెలుతురూ చప్పుడూ భరించలేవా, వాంతి అవుతుందా. నీ సంచిలో ఎప్పుడూ ఉండే ఆ మాత్రల పట్టీ గురించి దాచకుండా చెప్పు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, మైగ్రేన్‌కే ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్‌ మాత్రలు 10 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని పెంచవచ్చు. నొప్పి రాకుండా ఆపే మందుగా నాకు ప్రొప్రనలాల్ రాశారు. రెండు మూడు నెలలు వాడితే గాని ఫలితం తేలదట, నొప్పి రోజులు సగానికి తగ్గితే పనిచేసినట్టు లెక్క. చికిత్స ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మార్చాలో ఆవిడ ముందే చెప్పడం నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో! అయితే నీకు ఉబ్బసం ఉంది కాబట్టి ఆ మందు నీకు పడదు, ఆ మాట నువ్వే మొదట చెప్పాలి. నీకు వేరే మందులు చాలా ఉన్నాయి, కొత్తగా వచ్చిన సూదిమందులు కూడా ఉన్నాయట, వాటి గురించి ఆవిడ చెప్పినది నేను...

భాస్కరం, చిన్నవాడు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, వాడి చేతికే ఈ ఉత్తరం ఇచ్చి డబ్బాలో వేయించాలి. సూదిమందుల సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఈలోగా నొప్పి వచ్చిన రోజు, ఎంతసేపు ఉన్నది, వేసుకున్న మాత్ర, ముందురోజు పట్టిన నిద్ర, ఈ నాలుగూ ఒక పుస్తకంలో రాయడం ఇవాళే మొదలుపెట్టు. డాక్టరును చూసే తేదీ ఖాయం కాగానే నాకు తెలియజేయి.

నీ
మూర్తి