ఆ దగ్గు తెర మీదదా, హాల్లోదా?

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం అందింది. మీ ఫిల్మ్ క్లబ్బులో మహమ్మారి మీద తీసిన 'కంటేజియన్' సినిమా వేస్తున్నారనీ, చూసినవాళ్ళ స్పందనలు రాసి పెట్టుకోవాలనుందనీ రాశావు. చాలా మంచి పని. కాకపోతే సినిమా అయ్యాక "ఎలా ఉంది?" అని అడిగి ఊరుకుంటే, "అచ్చం మనకి జరిగినట్టే ఉంది" అన్న ఒక్క ముక్కే చేతికొస్తుంది. ఈ సినిమాకి జనం నోటితో చెప్పేది ఒకటి, చేతులు చేసేది ఇంకొకటి. నువ్వు చేతుల్ని చూడు.

మొదలే చూడు. తెర అంతా నలుపు, బొమ్మ లేదు, ఒక దగ్గు వినిపిస్తుంది. ఆ తర్వాతే 'రెండో రోజు' అన్న అక్షరాలు. శబ్దం సరిగ్గా ఉంటే జనం తలలు తిప్పి పక్క వరుసలో ఎవరు దగ్గారా అని చూస్తారు. శబ్దం తక్కువైతే ఆ క్షణం కాస్తా పోతుంది. ముందురోజే ఆ దగ్గు ఒక్కటీ వేసి, చివరి వరుసలో కూర్చుని విని సరిచూసుకో. ఆ తర్వాత కెమెరా మనుషుల్ని వదిలి వస్తువుల వెంట పడుతుంది: బార్‌లో వేరుశనగ గింజల గిన్నె, చేతులు మారే క్రెడిట్ కార్డు, బస్సులో పట్టుకునే కమ్మీ. భయపెట్టే సంగీతంతో కేకలు పెట్టించడు దర్శకుడు సోడర్‌బర్గ్. కమ్మీని ఇంకో సెకను ఎక్కువ చూపిస్తాడు, అంతే. కుర్చీ చేతుల మీద ఆనించిన చేతులు ఒళ్ళోకి జరగడం మొదలయ్యేది అక్కడే.

లెక్క ఎలా వేయాలంటే, తెర పక్కగా ముగ్గురిని జనం వైపు తిరిగి కూర్చోబెట్టు. తెర వెలుగు మొహాల మీద పడుతుంది కాబట్టి బాగానే కనిపిస్తుంది. మొత్తం పదిమందిని ఎంచుకుని ముగ్గురూ పంచుకోండి. పదిమందినీ ఒక్కడే చూస్తే సగం తప్పిపోతాయి. సినిమాకి ముందు దీపాలున్నప్పుడు అయిదు నిమిషాలు, కేట్ విన్స్‌లెట్ వేసిన డాక్టర్ పాత్ర మొహం తాకడం గురించి చెప్పిన వెంటనే ఇంకో అయిదు నిమిషాలు, ఎవరు ఎన్నిసార్లు మొహం ముట్టుకున్నారో గీతలు పెట్టండి. ఆ డాక్టర్, మనిషి రోజుకి రెండు మూడు వేలసార్లు మొహం తాకుతాడంటుంది. 2015లో ఆస్ట్రేలియాలో 26 మంది వైద్య విద్యార్థులను గమనించి వేసిన లెక్క మాత్రం గంటకి సగటున 23 సార్లు. మేలుకుని ఉండే పదహారు గంటలకి కడితే నాలుగు వందలు కూడా దాటదు. అంటే పదిమందికి అయిదు నిమిషాల్లో సుమారు 19 గీతలు రావాలి. మరీ తక్కువొస్తే జనం మారిపోయారని సంబరపడకు, ముందు మీవాళ్ళ కళ్ళని అనుమానించు. ఇంకోమాట, ఏం లెక్కపెడుతున్నారో ఎవరికీ ముందుగా తెలియనివ్వకండి. తెలిసిందా, అందరూ చేతులు కట్టుకుని బుద్ధిమంతుల్లా కూర్చుంటారు. అయ్యాక మాత్రం తప్పకుండా చెప్పు, వద్దన్నవాళ్ళ గీతలు కొట్టెయ్.

ఇది 2011 సెప్టెంబరులో విడుదలైన సినిమా. అప్పటి జనానికి ఇది 'ఇలా జరిగితే?' అన్న ప్రశ్న. 2019 డిసెంబరులో వార్నర్ బ్రదర్స్ పాత సినిమాల్లో ఆదరణ ప్రకారం 270వ స్థానంలో ఉన్నది, కోవిడ్ మొదలవగానే రెండో స్థానానికి ఎగబాకింది. దానికి పైనున్నవి హ్యారీ పాటర్ సినిమాలే. ఇంట్లో తలుపులు వేసుకున్న జనం అదే భయాన్ని డబ్బిచ్చి ఎందుకు చూశారంటే, నాకు తోచేది ఇది: సినిమాకి చివర ఉంది, బయట జరిగేదానికి అప్పుడు లేదు. 310 మందిని అడిగి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, హారర్ సినిమాలు ఇష్టపడేవాళ్ళు కోవిడ్ కాలంలో తక్కువ కుంగిపోయినట్టు తేలింది. అంతమాత్రాన సినిమా చూస్తే ధైర్యం వస్తుందని చెప్పెయ్యకు. ధైర్యమున్నవాళ్ళే అలాంటివి చూస్తారేమో కూడా.

ఇప్పటి ప్రేక్షకుడు పరీక్ష పేపర్లు దిద్దే పంతులులా చూస్తాడు. "ఇది కరెక్ట్, ఇది తప్పు" అని టిక్కులు పెట్టుకుంటూ పోతాడు. నీ చర్చకి అసలు సరుకు అక్కడే ఉంది, ఎందుకంటే ఆ టిక్కుల్లో కొన్ని తప్పు చోట పడతాయి. సినిమాలోని ఎమ్‌ఈవీ-1 వైరస్‌కి నమూనా నిపా. 1998-99లో మలేషియాలో గబ్బిలాల నుంచి పందులకీ, పందుల నుంచి మనుషులకీ పాకి, 265 మందికి సోకి 105 మందిని బలిగొన్నది అదే. సినిమాలో సోకినవాళ్ళలో నూటికి పాతిక ముప్ఫై మంది పోతారు, అదీ పైకి కనిపించేంత జబ్బుపడి. కోవిడ్ కూడా ఇలాగే ఉంటుందనుకుని 2020లో చాలామంది దగ్గేవాళ్ళ కోసం వెతికారు. కోవిడ్ లక్షణాలు పైకి కనపడకముందే అంటుకుంటుందన్నది తలకెక్కడానికి టైమ్ పట్టింది. వస్తువుల సంగతీ అంతే. ముట్టుకున్న ప్రతిదాన్నీ సినిమా అనుమానించమంటుంది. కోవిడ్ ప్రధానంగా గాలిలోనే పాకింది. ఉపరితలాన్ని ఒకసారి తాకితే సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. కూరగాయలు సబ్బునీళ్ళలో కడిగినవాళ్ళు కిటికీలు తెరవడం మరిచిపోయారు కదా, దాని మీద చర్చ నడిపించు.

సినిమా సరిగ్గా పట్టుకున్నది ఇంకోటుంది. జ్యూడ్ లా వేసిన బ్లాగర్ పాత్ర ఫోర్సిథియా అనే మొక్క మందు రోగం తగ్గిస్తుందని ప్రచారం చేస్తే జనం మందుల షాపుల మీద పడతారు. 2020 జనవరి చివర్లో చైనాలో ష్వాంగ్ హ్వాంగ్ లియెన్ అనే మందు వైరస్‌ని అడ్డుకోవచ్చని వార్త రాగానే రాత్రికి రాత్రి జనం షాపుల ముందు బారులు తీరారు. ఆ మందులో వాడే మూడు మూలికల్లో ఒకటి ఫోర్సిథియానే! అలాగే పుట్టినరోజుల లాటరీతో టీకా ఎవరికి ముందో తేల్చే సీను. అప్పటి బ్రిటన్ ఆరోగ్యమంత్రి మాట్ హాంకాక్, టీకా వచ్చాకే ఎవరికి ముందన్న గొడవ ముదురుతుందని ఈ సినిమా తనకి చూపిందని 2021లో చెప్పారు. దీన్ని చర్చకి పెడితే హాలు రెండుగా చీలుతుంది. పదిహేను నిమిషాలు దానికే వదిలెయ్.

ఒక్క జాగ్రత్త తీసుకోరా. కోవిడ్‌లో అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు ఆ హాల్లో ఉంటారు. మొదటి పావుగంటలోనే తల్లీ, చిన్న కొడుకూ పోతారు, పోస్టుమార్టం ఉంది, సామూహిక ఖననం ఉంది. ఇవి ముందే చెప్పు, చివరి సీట్లు వాళ్ళకి వదులు, మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళని ఎందుకని అడక్కు.

ప్రశ్నల వరసకొస్తే, "సహజంగా ఉందా?" అన్నది మొదట పెట్టొద్దు, దానికి అవుననే రాస్తారు. "కళ్ళు మూసుకుంటే ముందు ఏ దృశ్యం కనిపిస్తోంది?" అన్నది మొదటిది. "ఎవరి మీద కోపం వచ్చింది?" రెండోది. మూడో ప్రశ్న వద్దు, చీటీ చిన్నదైతేనే నింపుతారు. అవే రెండూ పదిహేను రోజుల తర్వాత ఫోన్లో అడుగు. తేడా రాసుకో.

టీకా వచ్చాక జనం లేవబోతారు, దీపాలు వెయ్యనివ్వకు. 'మొదటి రోజు' అప్పుడే వస్తుంది: బుల్డోజర్ చెట్టు కూల్చడం, గబ్బిలం అరటిపండు ముక్క పందుల దొడ్లో జారవిడవడం, వంటవాడు పంది రక్తం ఏప్రన్‌కి తుడుచుకుని, మొదట్లో చనిపోయిన ఆ తల్లి చేయి పట్టుకోవడం. దాదాపు మాటల్లేకుండానే సాగుతుంది. హాలు అంత నిశ్శబ్దంగా ఉండేది అప్పుడే. తర్వాత వెళ్ళే దారిలో ఒకణ్ణి నిలబెట్టి, తలుపు పిడి చేత్తో పట్టుకున్నదెందరో, మోచేత్తో నెట్టిందెందరో రాయించు. శానిటైజర్ సీసా పెడితే ముందూ తర్వాతా తూకం వేసుకో. కాగితాలన్నీ నాకు పంపు.

నీ,
శీను