ఎదుటి పేజీని మూయించకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మా వీధిలో ఏడో తరగతి పిల్లాడొకడు సాయంత్రాలు మా అరుగు మీదికి వచ్చి చదువుకుంటాడు. వాళ్లమ్మ పత్తి ఏరి ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతుంది. మొన్న సైన్సు పుస్తకం తెచ్చాడు. ప్రభుత్వ బడి పుస్తకం, ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉంటుంది. వాడు తెలుగు పేజీ మీద అట్టముక్క పెట్టుకుని చదువుతున్నాడు. ఎందుకురా అంటే, తెలుగు చూస్తే ఇంగ్లీషు రాదని బళ్లో చెప్పారట.

ఎవాపరేషన్ అనే మాటను తప్పు లేకుండా నాలుగుసార్లు చదివాడు. అంటే ఏమిటని అడిగితే తల దించుకున్నాడు. అట్టముక్క తీయించాను. అక్కడ బాష్పీభవనం అని ఉంది. అదీ అర్థం కాలేదు. మన పుస్తకాల తెలుగు కూడా పిల్లలకు అంత దగ్గరిదేం కాదని ఒప్పుకోవాలి. చివరికి దండెం మీది తడిచొక్కా చూపించి, ఆ నీళ్లు ఎటు పోతున్నాయని అడిగాను. వాడి ముఖం వెలిగింది. "వాటర్ గోయింగ్ అప్, టీచర్" అన్నాడు. మధ్యలో ఒక మాట లేదు, నిజమే. కానీ అది వాడు బట్టీ పట్టింది కాదు, వాడి బుర్రలోంచి వచ్చింది. ఆ రోజు నేను దిద్దలేదు.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిది వరకు ఇంగ్లీషు మీడియం తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ఇంగ్లీషు మీడియం కోసం జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించమంటోంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా అలాగే ఉండాలంటోంది. మరోవైపు, ప్రైవేటు బడికి ఫీజు కట్టలేని తల్లి నా పిల్లలకు మాత్రం ఇంగ్లీషు ఎందుకు వద్దని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ వాదన ఎప్పటికి తేలుతుందో గానీ, పిల్లలైతే ఇప్పటికే ఆ తరగతుల్లో కూర్చుని ఉన్నారు. నా బాధ వాళ్ల గురించే.

మన పిల్లలు ఇంగ్లీషులో చేసే తప్పుల్లో చాలావాటికి కారణం మొద్దుతనం కాదు, తెలుగు బాగా రావడం. "నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు" అనే పిల్లాడు "టు మీ టూ బ్రదర్స్" అంటాడు. మన దగ్గర తమ్ముళ్లు మనకు ఉంటారు, ఇంగ్లీషులో మనం తమ్ముళ్లను కలిగి ఉండాలి. మనకు ఆకలి వేస్తుంది, ఇంగ్లీషులో మనమే ఆకలితో ఉంటాం. మనం బల్ల తర్వాత మీద అంటాం, వాళ్లు మీద అన్న తర్వాతే బల్ల అంటారు. మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, వాళ్లది మధ్యలో. ఎ, ఆన్, ది లాంటివి మనకు లేనే లేవు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బుక్ మన నోట్లో బుక్కు అవుతుంది, బస్ బస్సు అవుతుంది. రెండు వాక్యాలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఏది ఎక్కడికి జరిగిందో బాణం గుర్తుతో చూపిస్తే పది నిమిషాల పని. నా సర్వీసులో ఇంతకంటే బాగా పనిచేసిన పద్ధతి నాకు దొరకలేదు. తెలుగు వాక్యాన్ని బోర్డు మీదికే రానివ్వకపోతే పిల్లాడికి తన తప్పు ఎక్కడ పుట్టిందో ఎప్పటికీ తెలియదు. టెన్షన్ ఒక్కటే మిగులుతుంది, నోరు మూసుకుపోతుంది.

2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేసిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు అందరం కోప్పడ్డాం. తెలుగు పేజీ మీద అట్టముక్క పెట్టించడం అంత కటువైన పని కాకపోవచ్చు. కానీ పిల్లాడికి అందే మాట మాత్రం అదే: నీ ఇంటి భాష ఇక్కడ పనికిరాదు.

టీచర్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లలో చాలామంది తెలుగు మీడియంలో చదివినవాళ్లే. నిన్నటిదాకా లెక్కలు తెలుగులో చెప్పినవాళ్లను కొద్దిరోజుల శిక్షణతో ఇంగ్లీషులో చెప్పమన్నాం. భయంతో వాళ్లూ పుస్తకంలోని వాక్యాన్నే పైకి చదువుతున్నారు, గైడు చూసి జవాబులు రాయిస్తున్నారు. ఇంగ్లీషు చెప్పే టీచర్లకు శిక్షణ ఇవ్వడానికే 1958లో పెట్టిన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మన హైదరాబాదులోనే ఉంది. ఏటా వేసవిలో అక్కడి అధ్యాపకులు జిల్లాలకు వచ్చి మన టీచర్ల చేత మాట్లాడిస్తే ఎంత ధైర్యం వస్తుందో! వారం రోజులు ఉపన్యాసాలు విని సంతకం పెట్టి వచ్చే శిక్షణ నేనూ పొందాను, దాని వల్ల నాకేమీ ఒరగలేదు.

ఆదిలాబాద్ గోండు పిల్లలకు, భద్రాచలం కోయ పిల్లలకు తెలుగే రెండో భాష. వాళ్లకు రెండు పేజీలూ పరాయివే. అక్కడ వాళ్ల భాష వచ్చిన మనిషి ఒకటో తరగతి గదిలో ఉండి తీరాలి.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. జూన్‌లో బడులు తెరిచేలోగా ఒక సర్క్యులర్ పంపండి. పాఠం ముందు పిల్లల మాటల్లో అర్థమయ్యేలా చెప్పి, తర్వాతే ఇంగ్లీషు పేజీ చదివించమని అందులో రాయండి. ప్రాథమిక తరగతుల్లో రోజూ ఒక పీరియడు మార్కులు, పరీక్ష లేకుండా ఇంగ్లీషులో మాట్లాడుకోవడానికే వదిలేయండి. ఎనిమిదో తరగతి వరకు ఫార్మేటివ్ పరీక్షల్లో, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల్లో, పిల్లాడు సైన్సు జవాబును సగం తెలుగు, సగం ఇంగ్లీషులో రాసినా, విషయం సరిగ్గా ఉంటే పూర్తి మార్కులు వేయమని చెప్పండి. తెలుగు పేజీ మూయించడం, తెలుగు మాట్లాడితే జరిమానా వేయడం ఏ బడిలోనూ ఉండకూడదని, ప్రైవేటు బడులకు కూడా వర్తించేలా, స్పష్టంగా రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు,
సూర్యాపేట జిల్లా