బ్రేక్ కిట్‌లో తప్పు రబ్బరు: నా డబ్బు వాపసుతో పాటు ఆ సరుకు అమ్మకం ఆపాలని ఫిర్యాదు

నెల్లూరు,
వేదాయపాళెం.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
(పాత కార్ల విడిభాగాల ఆన్‌లైన్ విక్రయ సంస్థ)

విషయం: ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 బ్రేక్ మాస్టర్ సిలిండర్ రిపేర్ కిట్‌లో బ్రేక్ ఆయిల్‌కు పనికిరాని రబ్బరు ఉండటం గురించి.

అయ్యా,

గత మార్చిలో మీ దగ్గర నేను రెండు బ్రేక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) కిట్లు కొన్నాను. వాటిలోని రబ్బరు సీళ్లు బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బిపోతున్నాయి. ఆ కారణంగా నడిరోడ్డు మీద నా కారు బ్రేకులు పట్టేశాయి. ఈ సంగతి మీ కస్టమర్ కేర్‌కు ఫోన్‌లో చెప్పాను, మెయిల్‌లోనూ రాశాను. వాళ్ల జవాబు మూడు ముక్కల్లో వచ్చింది. రబ్బరు భాగాలకు వారంటీ ఉండదట. బిగించడంలో లోపం జరిగి ఉంటుందట. మళ్లీ ఏదైనా కొంటే పది శాతం తగ్గింపు కూపన్ ఇస్తారట. బ్రేకులు పట్టేసిన మనిషికి కూపన్ ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, అందుకే వాళ్లను వదిలి నేరుగా మీకు రాస్తున్నాను. బిల్లు, మెయిళ్లు, ఫోటోలు అన్నీ దీనితో జత చేశాను.

ఫోన్‌లో మాట్లాడిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. కాకపోతే మొదటి మాటే, "సార్, ఎవరైనా లోకల్ మెకానిక్ చేత వేయించి ఉంటారు, వాళ్లకు ఇలాంటి బండ్లు తెలియవు" అన్నాడు. ఆ లోకల్ మెకానిక్‌ని నేనే బాబూ అన్నాను. ఆర్టీసీ గ్యారేజీలో పని చేసి రిటైర్ అయినవాణ్ని. బస్సులది గాలి బ్రేకు, దీనిది ఆయిల్ బ్రేకు, ఆ తేడా నాకు తెలుసు. బిగించింది ఎవరన్నది పక్కన పెట్టి, బిగించిన వస్తువు గురించి మాట్లాడుకుందాం.

కారు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీనికి రిపేర్ కిట్ దొరకడమే గగనం. స్పిట్‌ఫైర్ 1962లో ఇంగ్లండులో మొదలైంది. మార్క్ 3 అనేది 1967 నుంచి 1970 దాకా వచ్చింది. ఇద్దరు కూర్చునే కారు, మడిచే టాప్, 1296 సీసీ ఇంజను, రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు. మన మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది చూశారూ, దాని ఛాసిస్‌నే కురచ చేసి దీన్ని కట్టారు. రెండింటి రూపం గీసింది ఇటలీకి చెందిన మిషెలొట్టి. బానెట్ మొత్తం ముందుకు వంగి తెరుచుకోవడం కూడా రెండింటికీ ఒకటే. హెరాల్డ్ సామాను తెలిసిన పాత చేతులు చెన్నైలో ఇంకా ఉన్నాయి కాబట్టి నాలాంటివాడు ఇంటి షెడ్డులో దీన్ని ముట్టుకునే ధైర్యం చేయగలిగాడు. చెన్నైలో ఒకరి పెరట్లో ఏళ్లపాటు పడి ఉన్నదాన్ని లారీ మీద నెల్లూరు తెచ్చుకున్నాను. ఫ్లోరు రేకు తుప్పు పట్టి పోయింది, అది కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను. ఇంజను సగం పైగా నేనే విప్పి కట్టాను. ఆ కథ ఇక్కడ అనవసరం.

బ్రేకుల పని మాత్రం వివరంగా చెప్తాను. దీనికి ముందు చక్రాలకు డిస్కులు, వెనక డ్రమ్ములు. నా బండిలో ఒక్కటే సర్క్యూట్. అంటే మాస్టర్ సిలిండర్ చెడితే నాలుగు చక్రాల బ్రేకులూ దానితో పాటే. ఈ కాలపు కార్లలో ఒక లైను పోయినా రెండోది మిగులుతుంది, దీనిలో మిగిలేది హ్యాండ్ బ్రేకే. ఇది తెలుసు కాబట్టి ఎక్కడా పొదుపు చేయలేదు. సిలిండర్ బోరు లోపల గుంటలు పడి ఉంటే చెన్నైలో లేత్ పని వాళ్ల చేత స్టెయిన్‌లెస్ స్లీవ్ వేయించాను. ఆ బిల్లూ జత చేశాను. కాలిపర్లు (ముందు డిస్కులను ప్యాడ్లతో నొక్కి పట్టేవి), చక్రాల సిలిండర్లు, రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవి, అవి వేరేచోట కొన్నవి. మీ కిట్ కవరు మీద "డాట్ 3, డాట్ 4కు అనువైనది" అని ముద్రించి ఉంది, అవి బ్రేక్ ఆయిల్ రకాలు. సీలు విప్పని కొత్త డబ్బా డాట్ 4 పోశాను. సిలికాన్ ఆయిల్ అయిన డాట్ 5 జోలికి పోలేదు. మీ కస్టమర్ కేర్ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న అదే కాబట్టి చెప్తున్నాను. బ్రేక్ పైపుల్లోంచి గాలి తీసి చూస్తే పెడల్ గట్టిగా, కొత్త బండిలా వచ్చింది.

కొన్నాళ్లు ఇంటి చుట్టూ మెల్లగా తిప్పాక, ఒక ఆదివారం పొద్దున్నే మా చిన్నమ్మాయిని ఎక్కించుకుని మైపాడు రోడ్డు పట్టాను. ఇందుకూరుపేట దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత బండి బరువెక్కినట్టు అనిపించింది. యాక్సిలరేటర్ తీస్తే మామూలుగా కొంతదూరం జారాలి, అలా కాకుండా ఎవరో వెనక పట్టుకుని లాగినట్టు ఆగిపోతోంది. పెడల్ మీద కాలు పెడితే రవ్వంత కూడా దిగడం లేదు. ఇంతలో కాలిన వాసన. పక్కకు తీసి ఆపి చూస్తే ముందు డిస్కుల దగ్గర చెయ్యి పెట్టలేని వేడి. చక్రాలు నాలుగూ బిగుసుకున్నాయి.

ఒక్క చక్రమే పట్టేస్తే గొట్టం మూసుకుపోయిందనో కాలిపర్ పిస్టన్ జామ్ అయిందనో అనుకోవచ్చు. నాలుగూ ఒకేసారి పట్టేశాయంటే తప్పు పైనే ఉంది. పానా తీసి కుడి ముందు కాలిపర్ మీద గాలి తీసే బ్లీడ్ నిపుల్ కొద్దిగా వదిలాను. ఆయిల్ చిమ్మింది, ఆ వెంటనే చక్రాలన్నీ వదులయ్యాయి. కాలు తీసినా పైపుల్లో ప్రెషర్ నిలిచిపోయిందని దానితో తేలిపోయింది. ఈ రకం మాస్టర్ సిలిండర్‌లో కాలు తీయగానే ప్లంజర్ (పెడల్ తోసే పిస్టన్) పూర్తిగా వెనక్కి రావాలి. అలా వస్తేనే చివర ఉన్న వాల్వ్ లేచి, ఆయిల్ పైనున్న డబ్బాలోకి పోయే దారి తెరుచుకుంటుంది. ప్లంజర్ కొంచెం ముందే ఆగిపోతే ఆ దారి మూసే ఉంటుంది. ప్లంజర్‌కు స్ప్రింగు ఉంది, అది కొత్తదే, మీ కిట్‌లో వచ్చిందే. దాన్ని మించి పట్టుకున్నది ఏమిటి?

ఇంటికి తెచ్చి సిలిండర్ విప్పాను. మీ సీళ్లు నానిన శనగల్లా ఉబ్బి, మెత్తబడి ఉన్నాయి. ప్లంజర్‌ను చేత్తో లాగితే రాలేదు, గాలి పెట్టి బయటకు తీయాల్సి వచ్చింది. స్లీవ్ మీద ఒక్క గీత కూడా లేదు. ఫోటోలు చూడండి.

అయినా మీరు బిగించడంలో లోపం అంటారని తెలుసు కాబట్టి ఇంకో పని చేశాను. రెండో కిట్ అప్పటికి విప్పలేదు. మళ్లీ దొరుకుతుందో లేదో అని ముందుజాగ్రత్తగా కొన్నది అది. దాన్ని విప్పడం మా అమ్మాయి ఫోన్‌లో వీడియో తీసింది. అందులోని ఒక సీలును రెండు ముక్కలు కోసి, ఒకటి డాట్ 4 ఉన్న గాజు సీసాలో, రెండోది మామూలు ఇంజన్ ఆయిల్ ఉన్న సీసాలో వేశాను. పోల్చడానికి నెల్లూరు ట్రంకు రోడ్డులోని షాపులో మారుతి 800 బ్రేక్ కిట్ ఒకటి కొని, దాని రబ్బరునూ అలాగే రెండు ముక్కలు చేసి ఇంకో రెండు సీసాల్లో వేశాను. మూతలు పెట్టి షెడ్డులో నీడన ఉంచాను.

కొన్ని రోజుల్లోనే సంగతి తేలిపోయింది. మారుతి ముక్క బ్రేక్ ఆయిల్‌లో వేసింది వేసినట్టే ఉంది, ఇంజన్ ఆయిల్‌లోది ఉబ్బి జారుడుగా తయారైంది. మీ ముక్కలు సరిగ్గా తిరగబడ్డాయి. ఇంజన్ ఆయిల్‌లోది చెక్కుచెదరలేదు, బ్రేక్ ఆయిల్‌లోది ఉబ్బింది. తర్వాత కోయని సీలునూ డాట్ 4లో వేసి వెర్నియర్‌తో కొలిస్తే వ్యాసం మిల్లీమీటరుకు పైగా పెరిగింది. ఆ సీలు ఏ సిలిండర్‌లోకీ వెళ్లలేదు, ఏ మెకానిక్ చేతా బిగించబడలేదు. దానికి తగిలింది మీ కవరు మీద మీరే రాసిన ఆయిల్ ఒక్కటే.

దీని అర్థం మీకు సరుకు పంపేవాళ్లకు తెలియకుండా ఉండదు. డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గ్లైకాల్ జాతివి. వాటికి ఈపీడీఎం లాంటి రబ్బరు కావాలి. పెట్రోలు, ఇంజన్ ఆయిల్ లాంటి వాటికి వాడేది నైట్రైల్. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు. చూడటానికి రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి, కొనేవాడికి కంటితో తెలిసే దారి లేదు. అందుకే కవరు మీద రాసిన మాటను నమ్మి కొంటాం. మీ కిట్‌లోది ఆయిల్ సీళ్లకు వాడే నైట్రైల్ రబ్బరని నా నమ్మకం. కాదంటే ల్యాబ్ రిపోర్టు చూపించండి.

నేను బెంబేలెత్తింది పట్టేసినందుకు కాదు, దాని తర్వాత జరగబోయేదానికి. పట్టేసిన బ్రేకులతో ఇంకాస్త దూరం నడిపితే కాలిపర్‌లో ఆయిల్ మరుగుతుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నదానికి ఆ హద్దు 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది. అంతదాకా వదలని బ్రేకు ఆ క్షణం నుంచి అసలు పడదు. ఇదే నేషనల్ హైవే మీద కోవూరు దాటాక లారీల మధ్య జరిగి ఉంటే, పక్కన మా అమ్మాయి ఉండగా... ఇక రాయను.

ఇప్పుడు ఇంకో సంగతి, ఇది కూడా మీరు వినాలి. కిట్‌తో పాటు ఉచితంగా ఒక మెయింటెనెన్స్ కాగితం పంపారు. అందులో ముందు సస్పెన్షన్ ట్రనియన్లకు, అంటే చక్రాన్ని మోసే నిలువు లింకు కింది కొస మరలతో దిగే భాగాలకు, గ్రీజు కొట్టమని రాశారు. అయ్యా, ట్రయంఫ్ కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్‌లో అక్కడ గేర్ ఆయిల్, 90 నంబరు హైపాయిడ్ పట్టించమని ఉంది. ఎందుకంటే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మరల లోపల నిలువు లింకు తిరుగుతుంది. గ్రీజు గట్టిపడి కిందిదాకా చేరకపోతే మరలు ఎండి తుప్పు పట్టి, ఒకరోజు లింకు విరిగి చక్రం పక్కకు వాలిపోతుంది. హెరాల్డ్ నడిపిన పాతవాళ్లను ఎవరినడిగినా చెప్తారు. ఆ కాగితం రాసినవారు ఈ బండిని ఎప్పుడైనా జాకీ మీద లేపి చూశారా అని నా అనుమానం. దాన్ని ఇంకెవరికీ పంపకండి.

కవరు సంగతి కూడా చూడండి. తయారీదారు పేరు లేదు, చిరునామా లేదు, ఏ దేశంలో తయారైందో లేదు, నెల, సంవత్సరం లేవు. ప్యాక్ చేసిన సరుకు మీద ఇవన్నీ ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. ఉన్నది మీ లోగో, ఎమ్మార్పీ, "ఒరిజినల్ క్వాలిటీ" అన్న మాట.

నాకు కావలసింది ఇది. రెండు కిట్ల ధర, పాడైన బ్రేక్ ఆయిల్, ఆ వేడికి గాజులా మారి మార్చాల్సి వచ్చిన ముందు ప్యాడ్ల ఖర్చు ఇవ్వండి, బిల్లులు జతలో ఉన్నాయి. సరుకు తయారుచేసిన వారి వివరాలు రాతపూర్వకంగా తెలపండి. అంతకంటే ముఖ్యంగా ఈ కిట్ అమ్మకం ఇవాళే ఆపి, ఇదే లాటు కొన్నవారందరికీ వాడవద్దని మెసేజ్ పంపండి. మీ జాబితాలో ఇదే కిట్ కింద హెరాల్డ్‌కూ సరిపోతుందని రాశారు. హెరాల్డులు మన వైపు ఇంకా తిరుగుతున్నాయి. 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చాక మూలన పడినవాటిని కూడా జనం బయటికి తీస్తున్నారు. వాళ్లందరి మెయిళ్లు, ఫోన్ నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి, కూపన్లు పంపుతున్నారు కదా. డబ్బు ఒక వారం అటూ ఇటూ అయినా నేను అడగను, ఈ మెసేజ్ విషయంలో మాత్రం ఆగను.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నెల్లూరు జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. కొన్నవాడు ఉండే ఊళ్లోనే వేయవచ్చని ఆ చట్టంలో ఉంది, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. లోపమున్న సరుకు వల్ల హాని జరిగితే తయారీదారుతో పాటు అమ్మినవారి బాధ్యత గురించి కూడా అందులో ఒక అధ్యాయం ఉంది, మీ వకీలును అడిగి తెలుసుకోండి.

నాలుగు సీసాలూ, తీసిన సీళ్లూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కొరియర్‌లో పంపమని మీ మెయిల్‌లో అడిగారు, పంపను. దారిలో పోతే నా దగ్గర మిగిలేది ఏమీ ఉండదు. మీ మనిషిని నెల్లూరు పంపండి, చూపిస్తాను, వాళ్ల ముందే ఇంకో సీలు కోసి ఆయిల్‌లో వేస్తాను. ఫోన్ చేసేటట్టయితే సాయంత్రం ఐదు తర్వాత చేయండి, అప్పటిదాకా షెడ్డులో ఉంటాను, చేతులకు గ్రీజు ఉంటుంది.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు
(పేరు, ఫోన్ నంబరు, ఆర్డర్ నంబరు జత చేసిన బిల్లు మీద ఉన్నాయి)