తీర గ్రామాల కట్టడాలకు ఆయుష్షు లెక్క ఏదీ?

సంపాదకుల వారికి,

మైపాడు, తుమ్మలపెంట వంటి తీర గ్రామాల్లో పెచ్చులూడిన శ్లాబులు, తుప్పుపట్టి బయటపడిన చువ్వలు ఎవరికీ కొత్త కాదు. బడి సజ్జ ఊడిపడిన ప్రతిసారీ కమీషన్లను తిట్టుకొని ఊరుకుంటున్నాం. అవినీతి సంగతి అలా ఉంచితే, ఆ కట్టడం ఎన్నేళ్లు నిలుస్తుందో పునాది తీయకముందే కంప్యూటర్‌పై లెక్కగట్టే వీలున్నా, మన అంచనా పత్రాల్లో ఆ లెక్కకు చోటెందుకు లేదన్నది నా ప్రశ్న.

ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా ఏళ్ల తరబడి లోపలికి ఇంకి చువ్వను చేరాక తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు లోపలి నుంచే పగులుతుంది. క్లోరైడు ఇంకే వేగాన్ని 1855 నాటి ఫిక్ వ్యాపన సూత్రం ఆధారంగా గణించే లైఫ్-365 వంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఆ సూత్రం ప్రకారం చువ్వపై కాంక్రీటు మందం సగానికి తగ్గితే, క్లోరైడు చువ్వను చేరే కాలం సగం కాదు, సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. సముద్రపు తుంపర పడే కట్టడాలకు కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 (2000) చువ్వపై కనీసం 50 మిల్లీమీటర్ల కవరు (అంటే కాంక్రీటు మందం), ఎం35 అనే గట్టి రకం కాంక్రీటు ఉండాలంటోంది. శ్లాబు పోసే రోజు వెళ్లి చూడండి: చువ్వను రేకుకు ఎడంగా నిలిపే కవర్ బ్లాకులకు బదులు చేతికందిన కంకర రాయిని చువ్వల కింద దోపుతారు, వైబ్రేటరు పెట్టగానే అది కాస్తా జారిపోతుంది, చువ్వ సెంట్రింగ్ రేకు మీదికి దిగుతుంది. 50 ఉండాల్సిన చోట 25 మిగిలితే, నలభై ఏళ్లకు రావలసిన తుప్పు పదేళ్లకే వస్తుంది.

అయితే క్లోరైడు ఇంకే వేగానికి చలిదేశాల విలువలను యథాతథంగా వేసుకుంటే ఈ లెక్కకు అర్థం లేదు. వేడి పెరిగితే క్లోరైడు మరింత వేగంగా ఇంకుతుంది. మన ఎండలు తెలిసినవే. అందుచేత ఇందుకూరుపేట, అల్లూరు, బోగోలు, కొత్తపట్నం మండలాల్లోని పాత కట్టడాల నుంచి కోర్ నమూనాలు (గొట్టంలా కోసి తీసిన కాంక్రీటు ముక్కలు) తీసి, ఏ లోతున ఎంత క్లోరైడు ఉందో కొలిచి, ఆ విలువలనే వాడాలి. నేలటూరు థర్మల్ కేంద్రం బూడిదను సరైన పాళ్లలో కలిపితే ఆయుష్షు ఎంత పెరుగుతుందో కూడా దాంతోనే తేలుతుంది. ఉప్పు బోరు నీటితో కాంక్రీటు కలిపితే మాత్రం ఏ లెక్కా నిలవదు. చువ్వలున్న కాంక్రీటు కలిపే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల క్లోరైడు పరిమితి ఉన్నదే అందుకు.

జిల్లా ఇంజనీరింగు అధికారులు తీర మండలాల ప్రతి అంచనాకూ ఈ లెక్కను జతపరచాలి. కట్టడం పూర్తయ్యాక కాంక్రీటును పగలగొట్టకుండానే చువ్వ లోతు చూపే కవర్ మీటరుతో అసలు మందం కొలిచి, ఆ అంకెతో మళ్లీ లెక్క కట్టిన తర్వాతే కాంట్రాక్టరుకు తుది బిల్లు చెల్లించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా